గానుగ నూనెకు కరివేపాకు కాపలా

అనంతపురం చుట్టుపక్కల సొంత చేలో బుడ్డలు (వేరుశనగ) పండించుకునే ఇళ్లలో ఏడాదికి కావలసిన నూనెను ఒక్కసారే ఆడించి పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. సంక్రాంతి వెళ్లాక గానుగకు తీసుకెళ్లిన విత్తనాల నుంచి వచ్చిన నూనె ఉగాది దాకా కమ్మగా ఉంటుంది. రోహిణి కార్తె వచ్చేసరికి మాత్రం మూత తీయగానే ముక్కవాసన తగులుతుంది, పోపు వేస్తే గొంతులో గరగరమంటుంది. దుకాణంలో దొరికే శుద్ధి చేసిన నూనెల్లో చాలావాటికి ఈ పరిస్థితి రాకుండా టీబీహెచ్‌క్యూ, బీహెచ్‌ఏ వంటి కృత్రిమ పదార్థాలను కలుపుతారు. వాటిని కిలో నూనెకు 200 మిల్లీగ్రాములకు మించకుండా కలపడానికి మన ఆహార నియమాలు అనుమతిస్తాయి. ఆ పనిని కొంతవరకు పెరట్లోని ఆకులతోనే చేయించుకోవచ్చు. ఎంతవరకు, ఎలా అన్నది తెలియకుండా చేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది కాబట్టి, నేను చేసిన పొరపాటుతో సహా పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా నూనె ఎందుకు పాడవుతుందో తెలుసుకోవాలి. వేరుశనగ నూనెలో ఎక్కువ భాగం ఒలియిక్, లినోలెయిక్ అనే అసంతృప్త కొవ్వు ఆమ్లాలే. వేడి, వెలుతురు, లోహపు అణువుల ప్రేరణతో ఒక కొవ్వు అణువు హైడ్రోజన్‌ను పోగొట్టుకుని స్వేచ్ఛా రాడికల్‌గా మారుతుంది, అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పక్క అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది, ఆ పక్కది మరోదాని మీద పడుతుంది. ఇలా ఒకదాన్నొకటి అంటించుకుంటూ పోయే ఈ వరుసలో మొదట పుట్టే హైడ్రోపెరాక్సైడ్లకు వాసన ఉండదు. అవి విరిగినప్పుడు పుట్టే ఆల్డిహైడ్లదే ఆ ముక్కవాసన. అంటే మన ముక్కుకు తెలిసే నాటికి లోపల చాలా రోజులుగా పాడు జరుగుతూనే ఉందన్నమాట. ఆకులలోని ఫీనాల్ వర్గపు పదార్థాలు తమ హైడ్రోజన్‌ను తామే ఇచ్చి ఈ వరుసను తెంచుతాయి, అలా ఇచ్చి ఇచ్చి తాము ఖర్చయిపోతాయి. కాబట్టి ఆకును నూనె తాజాగా ఉన్నప్పుడే వేయాలి. వాసన వచ్చిన నూనెలో గంపెడు కరివేపాకు వేసినా అది తిరిగి మంచి నూనె కాదు, వాసన కప్పబడుతుందంతే. దాన్ని తినడం మరీ ప్రమాదం.

మన పెద్దలకు ఈ రసాయనం తెలియకపోయినా పని తెలుసు. వెన్న కాచేటప్పుడు చివర్లో మునగాకో, తమలపాకో, కరివేపాకు రెమ్మో వేయడం వాసన కోసమేనని అనుకుంటాం గాని, ఆ మూడు ఆకులలోనూ కొవ్వును ఆక్సీకరణ (ఆక్సిజన్ పట్టి చెడడం) నుంచి కాపాడే గుణం ఉంది. అక్కడ గమనించవలసింది మరొకటి ఉంది: ఆకును కాగుతున్న నేతిలో వేస్తారు, చిటపటలు ఆగేదాకా ఉంచుతారు, అంటే దాని తడి పూర్తిగా పోతుంది. ఈ రెండో సంగతిని పట్టించుకోకపోవడం వల్లనే నా నూనె పాడైంది.

మూడేళ్ల కిందట ఒక గాజు సీసాలో తాజా గానుగ నూనె పోసి, కడిగి తుడిచిన పచ్చి కరివేపాకు రెమ్మలు నాలుగు అందులో నిలువుగా దించి, చూడముచ్చటగా ఉందని వంటింటి కిటికీలో పెట్టాను. నూనె వారంలోనే లేత ఆకుపచ్చ రంగు తిరిగింది. ఏమీ వేయకుండా అటకమీద స్టీలు డబ్బాలో ఉంచిన నూనె ఇంకా బాగానే ఉండగా, కిటికీలోని ఆకుల నూనె ముందుగా చెడింది. అడుగున ఆకుల చుట్టూ మబ్బులాంటి తెల్లటి తెర కూడా కట్టింది. కారణం తర్వాత అర్థమైంది. ఆకు నుంచి నూనెలోకి దిగిన పత్రహరితం చీకట్లో ఏ హానీ చేయదు గాని, వెలుతురు పడితే ఆ శక్తిని ఆక్సిజన్‌కు అందించి దాన్ని మామూలుకంటే ఎన్నో రెట్లు చురుకైనదిగా మారుస్తుంది, అది కొవ్వు మీద నేరుగా దాడి చేస్తుంది. ఆకు ఇచ్చిన రక్షణను ఆకు రంగే తినేసిందని చెప్పాలి. అందుచేత ఆకు నూనెకు గాజు సీసా అందం పనికిరాదు, చీకటే కావాలి.

తడి వల్ల వచ్చే ప్రమాదం ఇంతకంటే పెద్దది. నూనెలో మునిగిన పచ్చి ఆకుకు, ముఖ్యంగా వెల్లుల్లి రెబ్బకు, గాలి తగలదు. పులుపు కూడా లేని ఆ చోట క్లాస్ట్రిడియం బొటులినం అనే సూక్ష్మజీవి పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేయగలదు. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. పచ్చి ఆకు, పచ్చి వెల్లుల్లి, పచ్చిమిరప వేసిన నూనెను ఫ్రిజ్‌లో పెట్టుకుని నాలుగు రోజుల్లో వాడేయాలే తప్ప నిల్వకు ఉంచకూడదు. నిల్వ నూనెలోకి వెళ్లే ఏ ఆకైనా వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి, దీనికి మినహాయింపు లేదు.

ఆకు సంగతికి వెళ్లే ముందు నూనె సంగతి చూడాలి. విత్తనాలు ఆడించే ముందే వాటిలో నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం శుద్ధి చేయని నూనెలోకి కొంత దిగుతుంది, దాన్ని ఏ ఆకూ తీసేయలేదు. గానుగ నుంచి వచ్చిన నూనె మసకగా ఉంటుంది. దాన్ని వెంటనే డబ్బాలకు ఎత్తకుండా, వెడల్పు మూతి ఉన్న స్టీలు పాత్రలో మూతపెట్టి మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైనున్న తేటను వంచుకుని, రెండు మడతల నూలు గుడ్డలో వడకట్టాలి. ఆ మడ్డిలో తడి, మాంసకృత్తులు, కొవ్వును విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, కాబట్టి అడుగున వదిలేస్తే పైనున్న మంచి నూనెను కూడా అది చెడగొడుతుంది. రాగి, ఇత్తడి, ఇనుము పాత్రలను వడకట్టడానికైనా వాడవద్దు. రాగి, ఇనుము అణువులు అతి కొద్దిగా కలిసినా ఆక్సీకరణను పరుగెత్తిస్తాయి. స్టీలు డబ్బా గాని, పింగాణీ జాడీ గాని మంచిది. డబ్బా మెడదాకా నింపితే లోపల గాలికి చోటుండదు. పదిహేను కిలోల డబ్బా ఒకటి పెట్టుకుని రోజూ మూత తీయడం కంటే అయిదేసి కిలోల మూడు డబ్బాల్లో నింపి ఒక్కోటి ఖాళీ చేసుకోవడం తెలివైన పని. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లలో రేకుల గదిలోనో, పొయ్యి పక్క అరలోనో నూనె ఉంచడమంటే దాని ఆయుష్షును మనమే కోసేసినట్టు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల, నేలకు దగ్గరగా, చీకట్లో దానికి చోటు చూడండి.

ఇంత చేశాకే ఆకు. ఏ ఆకు అంటే నా ఓటు కరివేపాకుకే. అందులో మహానింబిన్, కొయెనిజిన్ వంటి కార్బజోల్ ఆల్కలాయిడ్లు అనే సహజ రసాయనాలు ఉన్నాయి, వీటికి నూనెలో కరిగే గుణం, రాడికళ్లను ఆపే గుణం రెండూ ఉన్నాయి. (ఆ కొయెనిజిన్ పేరు, మొక్క శాస్త్రీయనామంలోని కొయెనిగీ అన్న మాట, రెండూ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూసిన వృక్షశాస్త్రవేత్త యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు మీద వచ్చినవే.) పైగా కరివేపాకు వాసన మన వంటలో పరాయిది కాదు. లవంగంలో, తులసిలో యూజెనాల్ ఉంది. అది బలమైనదే గాని ఆవిరయ్యే గుణం ఎక్కువ, పైగా నూనె మొత్తానికి లవంగపు ఘాటు పడుతుంది, లీటరుకు నాలుగు లవంగాలు మించితే పప్పు పోపులో కూడా అదే వాసన. వాములోని థైమాల్‌కూ ఇదే ఇబ్బంది. పసుపులోని కర్కుమిన్ పనిచేస్తుంది, అయితే వెలుతురుకు త్వరగా విరుగుతుంది, నూనెకు రంగు కూడా పడుతుంది. మునగాకు మంచిదే, కాకపోతే ఎండాక పిండిలా పొడైపోయి ఎంత వడకట్టినా అడుగుకు చేరుతుంది. ప్రపంచమంతటా నూనెల పరిశ్రమ ఎక్కువగా వాడే ఆకు రోజ్‌మేరీ. దానిలోని కార్నోసిక్ ఆమ్లం వేపుడు వేడికి కూడా కొంత నిలుస్తుంది, యూరప్‌లో దాని సారానికి E392 అనే సంకలిత సంఖ్య కూడా ఉంది. ఎండిన రోజ్‌మేరీ ఆకు ఇప్పుడు మన ఊళ్లలోనూ కొనవచ్చు, కాని చిన్న సీసాల్లో వచ్చే రోజ్‌మేరీ సుగంధ తైలాన్ని దానికి బదులుగా వాడకండి. కార్నోసిక్ ఆమ్లం ఆవిరితో పైకి రాదు, కాబట్టి ఆవిరి పట్టి తీసిన ఆ తైలంలో సువాసనే ఎక్కువ, కాపలా తక్కువ.

ఆకును ఎండబెట్టడంలో మన వాతావరణం మనకు వరం. వేసవిలో అనంతపురం, కడప, కర్నూలు గాలిలో తేమ ఎంత తక్కువంటే, కడిగిన కరివేపాకును నీడలో నూలు గుడ్డ మీద పలుచగా పరిస్తే రెండు మూడు రోజుల్లో గలగలమంటుంది. ఎండలో పెట్టవద్దు, రంగు పోవడంతో పాటు మనకు కావలసిన పదార్థాలు కూడా పోతాయి. రెమ్మలను ముందుగా రెండు నీళ్లలో బాగా కడిగి, జల్లెడలో గంటసేపు ఓడ్చి, ఆకులను ఈనె నుంచి దూసి పరవాలి, ఎందుకంటే ఈనె చివరిదాకా తడిని పట్టుకునే ఉంటుంది. మచ్చలున్న ఆకులు, పురుగు తిన్న ఆకులు తీసేయండి. సంతలో కొన్న ఆకు అయితే మందులు కొట్టి ఉంటారని అనుమానించి, ఉప్పు నీళ్లలో కాసేపు నానబెట్టి మరోసారి కడగడం మేలు. పచ్చి ఆకులో మూడింట రెండు వంతులు నీరే, అందుచేత 150 గ్రాముల దూసిన పచ్చి ఆకు ఎండితే 50 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఎండిన ఆకును చేతిలోకి తీసుకుని పిడికిలి బిగిస్తే పెళపెళ విరగాలి, మెత్తగా వంగితే ఇంకో రోజు ఉంచాలి.

ఇక కలిపే పద్ధతి. నూనె అంతటినీ వేడి చేయడం నాకు ఇష్టం లేదు, చల్లగా తీసిన నూనెను మళ్లీ కాచడమంటే దాని గుణాన్ని కొంత మనమే పాడుచేసుకోవడం. అందుకని పాలకు తోడు వేసినట్టు చేస్తాను. అయిదు లీటర్ల నూనె ఉంటే అందులో ఒక్క లీటరును వేరు చేసి, దానికే ఆకు సారాన్ని గట్టిగా ఎక్కించి, మిగిలిన నాలుగు లీటర్లలో కలుపుతాను. గానుగ దగ్గర నూనెను కిలోల్లో తూస్తారు కాబట్టి గుర్తుంచుకోండి, లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది.

ఒక పెద్ద గిన్నెలో సగానికి నీళ్లు పోసి పొయ్యిమీద పెట్టండి. అందులో నిలబడే స్టీలు గిన్నెలో ఆ లీటరు నూనె పోసి, 50 గ్రాముల ఎండు కరివేపాకును చేత్తో నలిపి వేయండి. మిక్సీలో పొడి చేస్తే వడకట్టడం కష్టమవుతుంది, అలాగే వదిలేస్తే సారం సరిగా దిగదు, నలిపిన ముక్క బియ్యపు గింజంత ఉంటే చాలు. కింద నీళ్లు కాగుతూ ఉంటే పైనున్న నూనె వంద డిగ్రీలు దాటే అవకాశమే లేదు, థర్మామీటరు లేని ఇంట్లో ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. నీళ్లు తెర్లి ఎగిరి నూనెలో పడకుండా మంట తగ్గించి, అరగంట సేపు అప్పుడప్పుడూ పొడి గరిటెతో కలుపుతూ ఉండండి. ఆకు అంచుల నుంచి చిన్న బుడగలు పైకి వస్తుంటే ఇంకా తడి ఉందన్నమాట. బుడగలు పూర్తిగా ఆగి, ఆకు అడుగుకు దిగడం మొదలుపెట్టేదాకా దించకండి. దించాక గిన్నె అడుగు తుడిచి, పొడి గుడ్డ మూతగా కట్టి రాత్రంతా చల్లారనివ్వాలి. మూత పళ్లెం పెడితే దానికి పట్టిన ఆవిరి చెమటలా నూనెలోకే కారుతుంది. పొద్దున నూలు గుడ్డలో వడకట్టి, ఆకును గట్టిగా పిండకుండా దానంతట అదే ఓడేదాకా వేలాడదీయండి. ఆకు పీల్చుకున్నది పోను వచ్చిన ముదురాకుపచ్చ నూనెను మిగిలిన నూనెలో పోసి, శుభ్రమైన పొడి కర్రతో కలిపి, డబ్బాలను మెడదాకా నింపి మూతలు బిగించండి. ఏ రోజు కలిపారో డబ్బా మీద రాయడం మరచిపోవద్దు.

పాళ్ల విషయంలో ఆశ పనికిరాదు. ఎక్కువ ఆకు వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని అనుకోకండి. ఆక్సీకరణను ఆపే పదార్థాలలో కొన్ని మోతాదు మించితే అదే ఆక్సీకరణకు తోడ్పడతాయి, పత్రహరితం కూడా దానితో పాటే పెరుగుతుంది. మొత్తం మీద లీటరుకు 10 గ్రాముల ఎండు ఆకు అన్న లెక్కను నేను దాటను.

ఆకు జోలికి వెళ్లే ఓపిక లేనివారికి నువ్వుల నూనె ఉంది. నువ్వుల్లోని సెసమిన్, సెసమోలిన్, వాటితో పాటు వేడికి సెసమోలిన్ నుంచి పుట్టే సెసమోల్ కారణంగా ఆ నూనె తన కొవ్వు ఆమ్లాల లెక్కన నిలవవలసిన దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కలిసిన నూనెకు కూడా ఆ బలాన్ని కొంత ఇస్తుంది. నాలుగు పాళ్ల వేరుశనగ నూనెకు ఒక పాలు తాజా నువ్వుల నూనె కలిపితే వంటకు రుచి కూడా పెద్దగా మారదు. ఇంటికి ఇలా కలుపుకోవడంలో అభ్యంతరం లేదు, అమ్మడానికి మాత్రం మిశ్రమ నూనెల నియమాలు వేరు: ఏ నూనె అయినా బరువులో 20 శాతానికి తగ్గకూడదు.

నూనెను బట్టి అవసరమూ మారుతుంది. లినోలెయిక్ ఆమ్లం ఒలియిక్ కంటే పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది, కాబట్టి అది దండిగా ఉండే పొద్దుతిరుగుడు నూనె, నల్లరేగడి చేలలో పండే కుసుమల నూనె వేరుశనగ కంటే ముందు చెడతాయి, వాటికి ఈ కాపలా ఎక్కువ అవసరం. అవిసె నూనెను ఏ ఆకూ మన వేసవి నుంచి గట్టెక్కించలేదు, చిన్న సీసా కొని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడుకోవలసిందే. కొబ్బరి నూనెలో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వే కాబట్టి దాని గురించి ఇంత కష్టపడనక్కరలేదు. వేరుశనగలోనే గిర్నార్ 4, గిర్నార్ 5 అనే కొత్త రకాలలో ఒలియిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది, ఆ నూనె సహజంగానే ఎక్కువ కాలం నిలుస్తుంది. మన చేలలో విరివిగా వేసే కదిరి 6 ఆ కోవలోది కాదు.

మీ ఆకు నిజంగా పనిచేస్తోందో లేదో నమ్మకం మీద వదిలేయకుండా చూసుకోవచ్చు. ఒకే రోజు వడకట్టిన నూనెను నాలుగు చిన్న సీసాల్లో సమానంగా పోయండి. ఒకదానిలో సాదా నూనె, ఒకదానిలో కరివేపాకు నూనె, ఒకదానిలో నువ్వుల నూనె కలిపినది, మరొకదానిలో మీరు పరీక్షించదలచిన ఇంకేదైనా. పేర్లు మూతల అడుగున రాసి, సీసాలకు పత్రికల కాగితం చుట్టి, ఒక అట్టపెట్టెలో పెట్టి మేడమీది గదిలో వదిలేయండి. ప్రయోగశాలల్లో నూనెను అరవై డిగ్రీల పొయ్యిలో ఉంచి త్వరగా పాడుచేసి చూస్తారు. మన మేడగది అంత వేడెక్కకపోయినా ఆ పనినే కాస్త నిదానంగా చేసిపెడుతుంది. వారానికోసారి ఒక్కోదాని నుంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రాపాడించి, వేడెక్కగానే వాసన చూడండి. మొదట పచ్చి గడ్డి, పచ్చి చిక్కుడు లాంటి వాసన వస్తుంది, తర్వాతే పాత రంగుడబ్బా వాసన. ఆ గడ్డి వాసన లినోలెయిక్ ఆమ్లం విరిగితే వచ్చే హెక్సనాల్‌ది, అది తగిలిన వారాన్ని రాసుకోండి. ఏ సీసా ఏదో తెలియకుండా ఇంట్లో మరొకరి చేత వాసన చూపిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే మనం కష్టపడి చేసిన దాని వైపు మన ముక్కు మొగ్గుతుంది. మా ఇంట్లో ఆ పనిని మా అత్తమ్మకు అప్పగించాను; సాదా నూనెను తేలిగ్గానే పట్టేశారు, కరివేపాకు సీసా ఆ తర్వాత కొన్ని వారాలకు గాని ఆమెకు దొరకలేదు.

అంకెల్లో కావాలంటే ప్రయోగశాలలో పెరాక్సైడ్ విలువ, అంటే నూనెలో పేరుకున్న హైడ్రోపెరాక్సైడ్ల కొలత, చూపించుకోవాలి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం అది శుద్ధి చేసిన నూనెకు కిలోకు 10, గానుగ వంటి నూనెకు 15 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదు. ఒక్క హెచ్చరిక: హైడ్రోపెరాక్సైడ్లు విరిగిపోయే దశకు వచ్చాక ఈ అంకె మళ్లీ తగ్గుతుంది. అందువల్ల అంకె తక్కువగా ఉన్నా వాసన చెడుగా ఉంటే ముక్కునే నమ్మండి.

వేపుళ్లకు వాడిన నూనెను ఆకు కాపాడుతుందని మాత్రం ఆశించవద్దు. బూరెలు, వడలు వేయించే వేడికి కరివేపాకు సారంలో చాలా భాగం ఆవిరైపోతుంది లేదా విరిగిపోతుంది. అలా వాడిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లో ముగించాలి గాని, దాన్ని నిల్వ డబ్బాలో తిరిగి పోయడం మంచి నూనెకు చెడును తోడు వేయడమే. అమ్మే నూనెలో ఆకు కలిపి, ఇన్ని నెలలు నిలుస్తుందని చీటీ మీద రాయాలనుకునేవారు ముందు పరీక్ష చేయించుకోండి; జేఎన్‌టీయూ అనంతపురం కింద నూనెల సాంకేతిక పరిశోధనకే ఒక సంస్థ మన పట్టణంలో ఉంది, ఈ విషయాలు తెలిసినవారు అక్కడ ఉంటారు.

వడకట్టిన ఆకును పారేయకండి. అది నూనె పీల్చుకుని ఉంటుంది కాబట్టి బయట నిలవదు. అదే రోజు మూకుడులో సన్నసెగ మీద గలగలమనేదాకా వేయించి, వేయించిన బుడ్డలు గుప్పెడు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కాస్త చింతపండు, ఉప్పు వేసి రోట్లో బరకగా దంచితే, రాగిసంగటిలోకీ వేడన్నంలోకీ వారం పాటు సరిపోయే పొడి అవుతుంది.